రెండు ఓట్ల నుంచి ఒక్క ఓటుకు: ఉత్తరాంధ్ర ఎన్నికల అనుభవంలో ఓటరు ఎంపిక స్వేచ్ఛ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- 1952, 1957 ఎన్నికల్లో అమలైన ద్విసభ్య నియోజకవర్గాల పద్ధతిని వివరించగలుగుతారు.
- 1957 పార్వతీపురం ఎన్నికను, దానిపై వచ్చిన న్యాయవివాదాన్ని విశ్లేషించగలుగుతారు.
- రెండవ ఓటుకు, రెండవ ప్రాధాన్యానికి గల తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
- ఓటింగ్ పద్ధతుల సంస్కరణ ప్రతిపాదనలను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

నర్సీపట్నం పరిసర గ్రామాల్లో 1950ల ఎన్నికలను చూసిన పెద్దలు ఒక మాట చెప్పేవారు: "మాకు అప్పట్లో రెండు కాగితాలు ఇచ్చేవారు." నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ మాటను అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకు ఒకటి అన్న అర్థంలో తీసుకున్నాను. ఈ విషయంపై పరిశోధన మొదలుపెట్టాకనే అసలు సంగతి అర్థమైంది. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే శాసనసభ ఎన్నికలు జరిగిపోయినందువల్ల 1957లో ఇక్కడివారు లోక్‌సభకు మాత్రమే ఓటు వేశారు. అయినా చాలామంది చేతికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకే సభకు, ఒకే రోజున, ఒకే మనిషికి రెండు ఓట్లు ఉన్న కాలం అది.

ఎన్నికల చరిత్ర అనగానే మనం గెలిచినవారు, ఓడినవారు, పార్టీల బలాబలాలు చదువుతాం. ఓటరు చేతికి ఇచ్చిన కాగితం ఎలా ఉంది, దానితో అతడు ఏమి చెప్పగలిగాడు, ఏమి చెప్పలేకపోయాడు అన్నవి అంతగా పట్టించుకోం. కాని ప్రజలు ఏమి కోరుకుంటున్నారన్నది ఎంత ముఖ్యమో, వారి కోరికను లెక్కించే నియమం అంత ముఖ్యం. ఒకే ప్రజలు, ఒకే అభిప్రాయాలతో, రెండు వేర్వేరు నియమాల కింద రెండు వేర్వేరు ఫలితాలను ఇవ్వగలరు. ఈ విషయాన్ని తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు వెళ్లనక్కరలేదు. గొలుగొండ, విశాఖపట్నం, పార్వతీపురం నియోజకవర్గాల చరిత్ర మన ముందే ఉంది.

2. రెండు ఓట్ల పద్ధతి: నేపథ్యం

ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులను ఎన్నుకొని, వారిలో ఒక స్థానాన్ని బలహీన వర్గాలకు కేటాయించే ఆలోచన స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉంది. 1932 పూనా ఒడంబడిక ప్రకారం నిమ్నవర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాల బదులు ఉమ్మడి నియోజకవర్గాల్లో రిజర్వు స్థానాలు వచ్చాయి. రాష్ట్రాల శాసనసభల్లో అటువంటి స్థానాలు 148. అందులో మద్రాసు రాష్ట్రానికి 30. ఆ స్థానాలకు ముందుగా ఆ వర్గపు ఓటర్లే నలుగురు అభ్యర్థులను ఎంపిక చేసేవారు. తరువాత ఆ నలుగురి నుంచి ఒకరిని ఓటర్లందరూ కలిసి ఎన్నుకునేవారు.

గిరిజనుల స్థితి ఇంతకన్నా భిన్నం. విశాఖ, గోదావరి మన్యాలను 1919 చట్టం 'వెనుకబడిన ప్రాంతాలు'గా, 1935 చట్టం 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు'గా పరిగణించాయి. మైదానంలో అమలయ్యే చట్టాలు అక్కడ నేరుగా అమలు కాలేదు. అందువల్ల మన్యంలోని సామాన్య గిరిజనుడికి ఓటు అనేది వయోజన ఓటుహక్కుతో, అంటే రాజ్యాంగం వచ్చిన తరువాతనే నిజంగా అందిందని చెప్పవచ్చు.

రాజ్యాంగ సభలో ఓటింగ్ పద్ధతి మీద చర్చ జరిగింది. 1949 జనవరిలో కాజీ సయ్యద్ కరీముద్దీన్, కె.టి.షా వంటి సభ్యులు లోక్‌సభకు దామాషా ప్రాతినిధ్యం కావాలని కోరారు. డాక్టర్ అంబేద్కర్ అంగీకరించలేదు. అక్షరాస్యత తక్కువగా ఉన్న దేశంలో అంకెలు వేసే ఓటు సాధ్యం కాదన్నది ఆయన చూపిన ఒక కారణం. సభలో అనేక చిన్న పక్షాలు ఏర్పడి ప్రభుత్వం నిలకడ కోల్పోతుందన్నది మరొక కారణం. రాజ్యాంగ సభ సభ్యులు మాత్రం 1946లో రాష్ట్రాల శాసనసభల ద్వారా, ఒకే ఓటు బదిలీ పద్ధతిలో, అంటే ప్రాధాన్య క్రమంలో అంకెలు వేసే పద్ధతిలోనే ఎన్నికయ్యారన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

దామాషా పద్ధతి రాలేదు గాని, షెడ్యూల్డ్ కులాలు, తెగల ప్రాతినిధ్యం కోసం ద్విసభ్య నియోజకవర్గాలు వచ్చాయి. 1952 లోక్‌సభ ఎన్నికల్లో 489 స్థానాలకు 401 నియోజకవర్గాలే ఉన్నాయి. వాటిలో 314 ఏకసభ్య, 86 ద్విసభ్య, ఒకటి త్రిసభ్య నియోజకవర్గం. 1957లో ద్విసభ్య నియోజకవర్గాలు 91కి పెరిగాయి.

ద్విసభ్య నియోజకవర్గంలో ఓటింగ్ నియమాలు ఇవి:

(1) ఓటరుకు రెండు ఓట్లు ఉంటాయి.
(2) రెండూ ఒకే అభ్యర్థికి వేయరాదు. వేస్తే ఒకటే లెక్కలోకి వస్తుంది.
(3) రెండవ ఓటు వాడుకోవడం, వాడుకోకపోవడం ఓటరు ఇష్టం.
(4) రిజర్వు వర్గానికి ఒక కాగితం, జనరల్‌కు ఒక కాగితం అన్న విభజన లేదు. ఇద్దరు జనరల్ అభ్యర్థులకు గాని, ఇద్దరు రిజర్వు వర్గం అభ్యర్థులకు గాని, ఇటొకరికి అటొకరికి గాని వేయవచ్చు.
(5) లెక్కింపులో ముందు రిజర్వు వర్గం అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వు స్థానం ఇస్తారు. ఆపై మిగిలిన అభ్యర్థులందరిలో, ఏ వర్గం వారైనా సరే, ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రెండవ స్థానం ఇస్తారు.

ఐదవ నియమాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. పార్వతీపురం కథ అంతా దాని మీదే నడుస్తుంది.

ఆనాటి ఓటు కాగితం మీద అభ్యర్థుల పేర్లు ఉండేవి కావు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద అతడి గుర్తు. ఓటరు తెర వెనుకకు వెళ్లి తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసేవాడు. రెండు ఓట్లు ఉన్నవాడు రెండు పెట్టెలు ఎంచుకునేవాడు. కాగితం మీద ముద్ర వేసే పద్ధతి 1962 సాధారణ ఎన్నికలతో విస్తృతంగా అమల్లోకి వచ్చింది.

3. 1952: విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం

మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యారు. ఒకరు లంకా సుందరం, మరొకరు గాం మల్లుదొర. ఇద్దరూ స్వతంత్రులే.

గాం మల్లుదొర పేరు ఈ ప్రాంతపు విద్యార్థులకు కొత్త కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులతో మొదలైన మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు ప్రధాన అనుచరుల్లో మల్లుదొర, ఆయన సోదరుడు గంటందొర ఉన్నారు. తిరుగుబాటును అణచడానికి వచ్చిన సైనిక బలగాలకు నర్సీపట్నం స్థావరమైంది. మల్లుదొర పట్టుబడి ద్వీపాంతర శిక్ష అనుభవించారు. తిరుగుబాటు జరిగిన ముప్పై ఏళ్లకు, ఆ మనిషే ఓట్లతో గెలిచి పార్లమెంటులో కూర్చున్నారు.

ఈ ఫలితాన్ని భావావేశంతో చూడటం తేలిక. చరిత్ర విద్యార్థి దాని వెనుక ఉన్న నియమాన్ని కూడా చూడాలి. మైదాన ప్రాంతపు ఓటరు తన మొదటి ఇష్టాన్ని వదులుకోకుండానే మల్లుదొరకు ఒక ఓటు వేయగలిగాడు. మన్యంలోని ఓటరు మల్లుదొరతో పాటు జనరల్ స్థానం ఎవరికి దక్కాలన్న విషయంలోనూ మాట చెల్లించుకున్నాడు. కొండ మీద ఓటు, కొండ కింద ఓటు ఒకే పెట్టెలో కలిశాయి.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. మైదానంలో ఓటర్లు ఎక్కువ కనుక, గిరిజన స్థానంలో ఎవరు గెలవాలో గిరిజనేతరులే నిర్ణయించగల అవకాశం ఈ పద్ధతిలో ఉంది. ఉమ్మడి నియోజకవర్గాల మీద అంబేద్కర్ మొదటి నుంచీ వ్యక్తం చేసిన ఆందోళన ఇదే.

1957 నాటికి నియోజకవర్గాలు మారాయి. నర్సీపట్నం కేంద్రంగా ఉన్న గొలుగొండ తాలూకా పేరుతోనే ఒక ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గం ఏర్పడింది. అక్కడి నుంచి మిస్సుల సూర్యనారాయణమూర్తి, కంకిపాటి వీరన్న పడాలు ఎన్నికయ్యారు. పెద్దలు చెప్పిన 'రెండు కాగితాలు' ఇవే.

4. 1957: పార్వతీపురం ఎన్నిక

ఉత్తరాన పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో మాత్రం దేశమంతా గమనించిన ఫలితం వచ్చింది. అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి వరాహగిరి వెంకటగిరి. కార్మిక నాయకుడిగా పేరు పొందినవారు. 1952లో పాతపట్నం నుంచి గెలిచి కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసి, 1954లో పదవికి రాజీనామా చేసినవారు. గిరిజన స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థి బిడ్డిక సత్యనారాయణ దొర. వారికి ఎదురు నిలిచినవారు దిప్పల సూరి దొర, వి.నరసింహారావు. సూరి దొర కూడా షెడ్యూల్డ్ తెగ అభ్యర్థే.

వచ్చిన ఓట్లు ఇవి:

సత్యనారాయణ దొర – 1,26,792
సూరి దొర – 1,24,604
వి.వి.గిరి – 1,24,039
నరసింహారావు – 1,18,968

ఇప్పుడు ఐదవ నియమాన్ని వర్తింపజేద్దాం. గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు సత్యనారాయణ దొరకు వచ్చాయి కనుక రిజర్వు స్థానం ఆయనది. మిగిలిన ముగ్గురిలో ఎక్కువ ఓట్లు సూరి దొరవి. కాబట్టి రెండవ స్థానం ఆయనది. గిరి 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు. నియోజకవర్గం నుంచి ఎన్నికైన ఇద్దరూ గిరిజనులే.

ఈ అంకెలను ఇంకొంచెం దగ్గరగా చూడండి. ఒకే పార్టీ అభ్యర్థులైనా, గిరి కన్నా సత్యనారాయణ దొరకు 2,753 ఓట్లు ఎక్కువ. అవతలి ఇద్దరిలో నరసింహారావు కన్నా సూరి దొరకు 5,636 ఓట్లు ఎక్కువ. అంటే గిరిజన అభ్యర్థులు ఇద్దరికీ గిరిజనేతర అభ్యర్థులు ఇద్దరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. కొందరు ఓటర్లు రెండు ఓట్లూ గిరిజన అభ్యర్థులకే వేసి ఉండవచ్చు. మరికొందరు ఒక ఓటు గిరిజన అభ్యర్థికి వేసి రెండవది వాడకుండా వదిలి ఉండవచ్చు. రహస్య ఓటు గనుక ఎవరు ఏమి చేశారో విడదీసి చెప్పలేం. కొంతమంది ఓటర్లు పార్టీ జంటను అనుసరించలేదన్నది మాత్రం ఖాయం. నియమం వారికి ఇచ్చిన స్వేచ్ఛను వారు వాడుకున్నారు.

గిరి ఈ ఫలితాన్ని సవాలు చేశారు. ఆయన వాదనలు ప్రధానంగా రెండు. మొదటిది: రిజర్వు స్థానం కోసం షెడ్యూల్డ్ తెగ సభ్యుడిగా ప్రకటించుకొని పోటీచేసిన వ్యక్తిని జనరల్ స్థానానికి ఎన్నికైనట్లు ప్రకటించరాదు. రెండవది: సూరి దొర క్షత్రియ ఆచారాలను స్వీకరించారు కనుక ఆయనను తెగ సభ్యుడిగా పరిగణించరాదు. 1959లో సుప్రీంకోర్టు ఈ అప్పీలును తోసిపుచ్చింది. రిజర్వేషన్ అనేది కనీస హామీ మాత్రమేనని, జనరల్ స్థానానికి పోటీ పడే హక్కు గిరిజనుడికి కూడా ఉంటుందన్నది ఆ తీర్పు సారాంశం.

తీర్పు న్యాయపరంగా సరైనదే. అయినా ఈ ఎన్నిక ఓటింగ్ పద్ధతిలోని ఒక చిక్కును బయటపెట్టింది. ఒక ఊహ చేయండి. గిరి గెలవాలని బలంగా కోరుకున్న ఒక ఓటరు, తన రెండవ ఓటును సద్భావంతో సూరి దొరకు వేశాడనుకుందాం. అతడికి తెలియకుండానే ఆ రెండవ ఓటు గిరికి పోటీగా నిలిచింది. రెండు ఓట్లకూ సమానమైన బరువు ఉన్నప్పుడు, రెండవ ఇష్టం మొదటి ఇష్టాన్ని ఓడించగలదు. ఈ సంగతి తెలిసిన ఓటరు రెండవ ఓటును దాచుకుంటాడు. రెండు ఓట్లు ఇచ్చిన నియమమే రెండవదాన్ని వాడవద్దని చెప్పినట్లయింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పార్వతీపురంలో రిజర్వు స్థానానికి, జనరల్ స్థానానికి వేర్వేరు కాగితాలు ఇచ్చి ఉంటే ఫలితం మారేదా? ఓటరు స్వేచ్ఛ పెరిగేదా, తగ్గేదా? ఐదారు వాక్యాల్లో రాయండి.

5. 1961: ఒక్క ఓటుకు మార్పు

1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టాన్ని ఆమోదించింది. 1962 ఎన్నికల నాటికి దేశంలోని నియోజకవర్గాలన్నీ ఏకసభ్య నియోజకవర్గాలయ్యాయి. ద్విసభ్య నియోజకవర్గాలు మరీ పెద్దవి. అభ్యర్థి అంతటా తిరగలేడు, ఖర్చు భరించలేడు. లెక్కింపు క్లిష్టం అన్నవి దీనికి అనుకూలంగా వినిపించిన వాదనలు. పార్వతీపురం తీర్పు వచ్చిన రెండేళ్లకే ఈ చట్టం రావడం గమనించదగినది. అలాగని ఆ తీర్పే ఏకైక కారణమని రాయడం తొందరపాటు అవుతుంది.

మార్పు వల్ల లాభం ఉంది. గిరిజనులు ఎక్కువగా ఉన్న కొండ ప్రాంతాలు విడి నియోజకవర్గాలు కావడంతో తమ ప్రతినిధిని ఎన్నుకోవడంలో గిరిజనుల ఓటే నిర్ణాయకమైంది. నష్టమూ ఉంది. కొండ మీదివారికి, కొండ కిందివారికి ఉమ్మడిగా ఉన్న ఎన్నిక విడిపోయింది. మైదానపు అభ్యర్థికి మన్యం ఓటు అవసరం తీరిపోయింది. ఓటరు చేతిలో రెండు ఇష్టాలు చెప్పుకునే వీలు పోయి ఒక్కటే మిగిలింది.

6. ఒక్క ఓటు, అత్యధిక ఓట్ల పద్ధతి

ఒక్క ఓటు పద్ధతిలో మిగిలిన అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారు గెలుస్తారు. సగానికి పైగా ఓట్లు రానక్కరలేదు. లెక్క తేలిక, ఫలితం త్వరగా వస్తుంది, సాధారణంగా స్థిరమైన ప్రభుత్వం ఏర్పడుతుంది. ఈ గుణాలను తక్కువగా చూడకూడదు.

అయితే ఓట్లకు, సీట్లకు మధ్య ఎంత దూరం ఏర్పడుతుందో మన రాష్ట్ర చరిత్రే చెబుతుంది. 1955 ఆంధ్ర శాసనసభ ఎన్నికల్లో 196 స్థానాలు ఉండగా, కాంగ్రెస్ నాయకత్వంలోని కూటమికి 146 వచ్చాయి. సుమారు 31 శాతం ఓట్లు పొందిన కమ్యూనిస్టులకు 15 స్థానాలే దక్కాయి. అరవై ఏళ్లు దాటినా ఈ దూరం తగ్గలేదు. 2019లో తెలుగుదేశం పార్టీకి 39 శాతం పైగా ఓట్లు వస్తే 175లో 23 స్థానాలు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా 39 శాతం పైగానే ఓట్లు వచ్చాయి, స్థానాలు 11. పార్టీలు మారాయి, గెలిచినవారు ఓడారు, ఓడినవారు గెలిచారు. పదిమందిలో నలుగురి ఓటుకు సభలో అతి కొద్ది చోటు దొరకడం మాత్రం మారలేదు. కాబట్టి దీన్ని ఏదో ఒక పార్టీకి జరిగిన అన్యాయంగా కాక, పద్ధతి లక్షణంగా చదవాలి.

ఈ పద్ధతి ఓటరు మనసు మీద కూడా పనిచేస్తుంది. "నువ్వు మంచివాడివే, కాని నీకు వేస్తే ఓటు మురిగిపోతుంది" అన్న మాట ప్రతి ఎన్నికలోనూ వింటాం. నచ్చినవారికి వేయాలా, నచ్చనివారిని ఆపగలిగినవారికి వేయాలా అన్న సందిగ్ధంలో ఓటరు తన నిజమైన ఇష్టాన్ని దాచుకుంటాడు. ఆ ఇష్టం లెక్కకు రాదు కనుక, దానికి బలం లేదని అందరూ అనుకుంటారు. వచ్చే ఎన్నికలో మళ్లీ అదే మాట.

7. ప్రాధాన్య ఓటు: గిరి జీవితంలో రెండవ ఘట్టం

పార్వతీపురంలో ఓడిన గిరి 1957లోనే ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. పన్నెండేళ్ల తరువాత మరో పద్ధతి ఆయన భవితవ్యాన్ని నిర్ణయించింది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ప్రధాన పోటీ ఇద్దరు తెలుగువారి మధ్య జరిగింది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా నిలిచిన గిరికి, ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయమన్న ఇందిరాగాంధీ పిలుపు తోడైంది. మూడవ ప్రధాన అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్.

రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు, అంటే పార్లమెంటు సభ్యుడు లేదా శాసనసభ్యుడు, అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యాలు వేస్తాడు. చెల్లిన ఓట్ల విలువలో సగానికి మించినది కోటా. ఎవరికీ కోటా రాకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించి, అతడి ఓట్లను వాటి మీద ఉన్న తరువాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి బదిలీ చేస్తారు.

1969లో చెల్లిన ఓట్ల విలువ 8,36,337, కోటా 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ కోటా రాలేదు. బదిలీలన్నీ పూర్తయ్యాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 అయ్యాయి. గిరి గెలిచారు.

కేవలం మొదటి ప్రాధాన్యాలే లెక్కించినా గిరి గెలిచేవారే. కాబట్టి పద్ధతి విజేతను మార్చలేదు. మార్చిందల్లా మనకు తెలిసిన విషయాన్ని. మొదటి లెక్కలో 87,967 ఉన్న ఆధిక్యం చివరికి 14,650కి తగ్గింది. దేశ్‌ముఖ్‌ను కోరుకున్నవారిలో ఎక్కువమంది రెండవ ఇష్టం సంజీవరెడ్డి అని తేలింది. ఒక్క ఓటు పద్ధతిలో ఈ విషయం ఎన్నటికీ బయటపడేది కాదు.

ఇక్కడే ఈ పాఠంలోని ముఖ్యాంశం ఉంది. పార్వతీపురం ఓటరు రెండవ ఓటు అతడి మొదటి అభ్యర్థి మీదే పోటీకి దిగగలిగింది. దేశ్‌ముఖ్‌కు 1 వేసినవారి రెండవ ప్రాధాన్యం, దేశ్‌ముఖ్ పోటీ నుంచి తొలగిన తరువాతనే పనిలోకి వచ్చింది. దానివల్ల దేశ్‌ముఖ్‌కు ఏ హానీ జరగదు. రెండవ ఓటు వేరు, రెండవ ప్రాధాన్యం వేరు. చేతికి ఎన్ని ఓట్లు ఇచ్చారన్నదాన్ని బట్టి ఓటరు స్వేచ్ఛను కొలవకూడదు. మొదటి ఇష్టానికి నష్టం కలగకుండా మిగిలిన ఇష్టాలు చెప్పగలుగుతున్నాడా అన్నదే కొలమానం.

ఈ పద్ధతి రాష్ట్రపతి భవన్‌కే పరిమితం కాదు. శాసనమండలి పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల్లో ఇదే ఉంది. మన రాష్ట్రంలో మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. 2023 మార్చిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పట్టభద్రుల నియోజకవర్గ ఎన్నికలో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలలేదు. తరువాతి ప్రాధాన్యాలు లెక్కించాకనే తేలింది. నర్సీపట్నంలోని ఒక పట్టభద్రుడు మండలికి 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. అతడి ఇంట్లోనే, డిగ్రీ లేని అతడి తల్లికి ఆ ఎన్నికలో ఓటే లేదు. శాసనసభ ఎన్నికలో ఇద్దరికీ ఒకే మీట.

అక్షరాస్యత గురించిన పాత సందేహం ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. అధ్యాపకుడిగా పనిచేసిన కాలంలో ఒక పట్టభద్రుల ఎన్నిక లెక్కింపు విధుల్లో నేను పాల్గొన్నాను. చెల్లని ఓట్ల కట్టలు విప్పి చూస్తే, అంకె వేయవలసిన చోట టిక్కు పెట్టినవారు, సంతకం చేసినవారు, ఇద్దరికి 1 వేసినవారు కనిపించారు. అందరూ డిగ్రీ చదివినవారే. మరోవైపు, 1952లో అక్షరం రాని మన్యం ఓటర్లు రెండు కాగితాలు పట్టుకుని వెళ్లి, గుర్తులు చూసి, వేర్వేరు పెట్టెల్లో వేసి వచ్చారు. ఓటింగ్ పద్ధతిని ఆచరించడానికి చదువు ఒక్కటే చాలదు, చదువు లేకపోవడం ఒక్కటే అడ్డూ కాదు. కావలసింది అలవాటు, స్పష్టమైన సూచనలు, తప్పు చేయడానికి తక్కువ వీలిచ్చే ఓటు పత్రం.

8. సంస్కరణ ప్రతిపాదనలు

(అ) నోటా: 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 'పై వారెవరూ కాదు' అన్న మీట ఓటింగ్ యంత్రం మీదికి వచ్చింది. అరకు లోక్‌సభ నియోజకవర్గంలో 2019లో సుమారు 48 వేలు, 2024లో 50 వేలకు పైగా ఓట్లు నోటాకు పడ్డాయి. దేశంలోనే ఎక్కువ నోటా ఓట్లు పడే నియోజకవర్గాల్లో అది ఒకటి. అసంతృప్తితో వేసినవెన్ని, యంత్రంపై అవగాహన లేక వేసినవెన్ని అన్నది అంకెలు చెప్పవు. నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. నోటా 'వద్దు' అని చెప్పనిస్తుంది. 'వీరు కాకపోతే ఎవరు' అన్నది చెప్పనివ్వదు.

(ఆ) మిశ్రమ పద్ధతి: జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999లో సమర్పించిన 170వ నివేదిక, ఉన్న లోక్‌సభ స్థానాలకు అదనంగా 25 శాతం స్థానాలను పార్టీలకు వచ్చిన ఓట్ల దామాషాలో నింపాలని సూచించింది. 2015లో 255వ నివేదిక కూడా మిశ్రమ పద్ధతిని పరిశీలించాలని కోరింది. హైదరాబాదు కేంద్రంగా 1996లో మొదలైన లోక్‌సత్తా ఉద్యమ నాయకుడు డాక్టర్ జయప్రకాశ్ నారాయణ్ దామాషా ప్రాతినిధ్యం కోసం చాలాకాలంగా వాదిస్తున్నారు. జర్మనీలో ఓటరుకు రెండు ఓట్లు ఉంటాయి: ఒకటి స్థానిక అభ్యర్థికి, మరొకటి పార్టీకి. న్యూజిలాండ్ ప్రజలు 1993 రెఫరెండంలో ఇటువంటి పద్ధతిని ఎంచుకుని 1996 నుంచి అమలు చేస్తున్నారు. ఈ రెండు ఓట్లు ఒకదానితో ఒకటి పోటీపడవు గనుక పార్వతీపురం చిక్కు రాదు. అయితే పార్టీ జాబితాలో ఎవరి పేరు పైన ఉండాలో పార్టీ నాయకత్వం నిర్ణయిస్తే, ఓటరు స్వేచ్ఛలో కొంత భాగం అక్కడికి తరలిపోతుంది.

(ఇ) ప్రాధాన్య ఓటు: ఆస్ట్రేలియా 1918లోనే దీన్ని స్వీకరించింది. ఐర్లాండ్‌లో శతాబ్దానికి పైగా ఒకే ఓటు బదిలీ పద్ధతి అమల్లో ఉంది. పొరుగునున్న శ్రీలంకలో అధ్యక్ష ఎన్నికలో ఓటరు మూడు ప్రాధాన్యాల వరకు చెప్పవచ్చు. 2024లో అక్కడ ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోవడంతో మొదటిసారిగా తరువాతి ప్రాధాన్యాలను లెక్కించారు.

లోపం లేని పద్ధతి ఏదీ లేదు. ప్రాధాన్య క్రమాల నుంచి సమష్టి నిర్ణయం తీసే ఏ పద్ధతీ సమంజసమైన షరతులన్నింటినీ ఒకేసారి తీర్చలేదని ఆర్థికశాస్త్రవేత్త కెన్నెత్ యారో 1951లో నిరూపించాడు. కాబట్టి సంస్కరణ గురించి అడగవలసిన ప్రశ్న 'ఏది ఉత్తమం?' అన్నది కాదు. మనకు ఏ లోపం భరించరానిది, ఏది భరించగలిగినది అన్నదే. భరించరానిది ఏమిటో నిర్ణయించుకోవలసినది ఓటర్లే గాని, పాత నియమం కింద గెలిచినవారు మాత్రమే కాదు. మార్చే అధికారం మాత్రం గెలిచినవారి చేతిలోనే ఉంటుంది. ఎన్నికల సంస్కరణ నివేదికలు ఇన్ని వచ్చినా ఆచరణ ఇంత నెమ్మదిగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

9. సారాంశం

1952, 1957 ఎన్నికల్లో ఉత్తరాంధ్రలోని అనేకమంది ఓటర్లకు లోక్‌సభకు రెండు ఓట్లు ఉండేవి. ఆ పద్ధతి కొండ, మైదానం ఓటర్లను కలిపింది. గాం మల్లుదొర వంటి నాయకుడిని పార్లమెంటుకు పంపింది. రెండు ఓట్లకూ సమాన విలువ ఉన్నప్పుడు రెండవ ఓటు మొదటి ఇష్టానికి ఎదురు నిలవగలదని పార్వతీపురం ఎన్నిక చూపింది. 1961 చట్టం చిక్కును విప్పే బదులు రెండవ ఓటునే తీసేసింది. 1969 రాష్ట్రపతి ఎన్నిక, నేటి పట్టభద్రుల ఎన్నికలు మూడవ దారి ఉందని గుర్తుచేస్తాయి: ఓటు ఒక్కటే, ఇష్టాలు మాత్రం క్రమంలో. ఆ దారి దేశానికంతటికీ తగినదా కాదా అన్నది చర్చించవలసిన విషయం. కాని మన్యపు పెద్దలు రెండు కాగితాలు సరిగ్గా వేయగలిగారని తెలిసినవారు, మన ఓటరుకు అది చేతకాదన్న కారణంతో ఆ చర్చను మూసివేయలేరు.

10. కీలక పదాలు

ద్విసభ్య నియోజకవర్గం: ఇద్దరు సభ్యులను ఎన్నుకునే నియోజకవర్గం.
అత్యధిక ఓట్ల పద్ధతి: మిగిలిన ప్రతి అభ్యర్థికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారు, సగం దాటకపోయినా, గెలిచే పద్ధతి.
దామాషా ప్రాతినిధ్యం: వచ్చిన ఓట్ల నిష్పత్తిలో స్థానాలు పొందే పద్ధతి.
ప్రాధాన్య ఓటు: అభ్యర్థులకు ఇష్టక్రమంలో అంకెలు వేసే ఓటు.
కోటా: గెలుపునకు కావలసిన కనీస ఓట్ల విలువ.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1957 పార్వతీపురం ఎన్నిక ఫలితాన్ని, దాని పర్యవసానాలను విశ్లేషించండి.
2. 'ఓట్ల సంఖ్య పెరిగినంత మాత్రాన ఓటరు స్వేచ్ఛ పెరగదు.' ఈ అభిప్రాయాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1961 ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం లాభనష్టాలను తెలపండి.
2. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఓట్ల బదిలీ జరిగిన తీరును వివరించండి.
3. నోటా వల్ల ఓటరుకు లభించిన అవకాశమేమిటి? దాని పరిమితి ఏమిటి?

III. అభ్యాసం: మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని 1960లలో ఓటు వేసిన పెద్దలు ఉంటే వారిని కలవండి. ఓటు పత్రం, పెట్టె, గుర్తు, ముద్ర గురించి వారికి ఏమి గుర్తుందో అడిగి రాసుకోండి. వారి జ్ఞాపకాన్ని ఈ పాఠంలోని వివరాలతో సరిపోల్చండి. ఆ తరంవారు చాలా కొద్దిమందే మిగిలారు. ఈ పని వాయిదా వేయకండి.